కొత్తగా తెరిచిన అడవి పార్కుకు వెళ్తున్నారా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

పేపర్లో రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో పడుతుంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో డ్రోన్ వీడియో తిరుగుతుంది. ఆ వచ్చే ఆదివారం సగం ఊరు అక్కడే ఉంటుంది. తీరా వెళ్తే టాయిలెట్ కట్టి ఉంటుంది గానీ కుళాయిలో నీళ్లు రావు. దారి రెండుగా చీలిన చోట బోర్డు ఉండదు. నాటిన మొక్కలు మోకాలెత్తు కూడా రాలేదు కాబట్టి నీడన్న మాటే లేదు.

తెరిచారంటే పని పూర్తయిందని కాదు. ఎక్కడైనా గేటు, పేరు బోర్డు, సెల్ఫీ పాయింట్ ముందు వచ్చేస్తాయి. తాగునీళ్లు, చెత్తడబ్బాలు, గైడ్లు తర్వాత మెల్లగా వస్తాయి. అందుకే మొదటి ఏడాది వెళ్లేవాళ్లు అక్కడ ఏమీ దొరకదనే లెక్కతో బయల్దేరాలి. నన్నడిగితే మొదటి నెల వదిలేయడం మేలు. ఆగలేమంటే ఆదివారం కాకుండా మామూలు పనిరోజున, పొద్దున్నే వెళ్లండి.

ముందు అది ఎవరి పార్కో తేల్చుకోండి

మన వైపు కొత్త పార్కు అని వార్త వస్తే అది నాలుగు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది. ఏ రకం రూల్స్ ఆ రకానివే.

వీటిలో సులువైనది నగరవనం. 2020 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, కేంద్రం ఈ పథకాన్ని ప్రకటించింది. ఊరికి దగ్గర్లో 10 నుంచి 50 హెక్టార్ల భూమిలో చెట్లు పెంచి, నడకదారులు వేసి జనానికి తెరుస్తారు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లడానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

అభయారణ్యం లోపల తెరిచే ఎకో టూరిజం కేంద్రం సంగతి వేరు. వెలిగొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. దోర్నాల దాటితే నల్లమల, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నడుస్తుంది. టికెట్ ఇచ్చిన దారి వరకే మీకు అనుమతి. పక్కనున్న కాలిబాట బాగుంది కదా అని దిగితే అది అనుమతి లేకుండా అడవిలోకి చొరబడ్డట్టే లెక్క.

మూడోది జలాశయం పక్కన వేసిన పార్కు. సోమశిల, కండలేరు లాంటి చోట్ల కట్టా గేట్లూ జలవనరుల శాఖవి, తోట ఇంకో శాఖ చూడొచ్చు. అందుకే తోటలో తిరగనిచ్చినవాళ్లే కట్ట ఎక్కనివ్వకపోవచ్చు, దానికి గొడవపడి లాభం లేదు. నాలుగోది సముద్రతీరం. మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి చోట్ల ఒడ్డున పార్కు పెట్టినా అసలు జాగ్రత్త నీళ్ల దగ్గరే.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నేలపట్టు పక్షుల కేంద్రం తిరుపతి జిల్లాలోకి పోయింది. ఇప్పటికీ చాలా వెబ్‌సైట్లు దాన్ని నెల్లూరు జిల్లా అనే రాస్తున్నాయి. మీరు వెళ్లే చోటు ఇప్పుడు ఏ జిల్లా, ఏ మండలం కిందికి వస్తుందో చూసుకున్నాకే ఫోన్ చేయండి. లేకపోతే ఈ ఆఫీసు వాళ్లు ఆ ఆఫీసును, ఆ ఆఫీసు వాళ్లు ఈ ఆఫీసును చూపిస్తారు.

ఫోన్ చేసి అడగాల్సిన తీరు

అటవీ శాఖ పార్కు అయితే ఆ ప్రాంతపు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు చేయాలి. ఆ నంబరు దొరక్కపోతే జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసులో అడగండి. "సౌకర్యాలు ఉన్నాయా సార్?" అని అడిగితే "ఉన్నాయండీ, రండి" అనే అంటారు. ఆ ప్రశ్నకు ఎక్కడైనా అదే జవాబు. కాబట్టి విడివిడిగా అడగాలి. ఇవాళ తాగునీళ్లు వస్తున్నాయా? ఆడవాళ్ల టాయిలెట్ తాళం తీసి ఉందా? గేటు నుంచి అసలు చోటికి ఎంత నడవాలి, బండి లోపలికి వదులుతారా? వారంలో సెలవు ఏ రోజు? మూసే టైమే కాదు, ఆఖరి టికెట్ ఎన్నింటికి ఇస్తారో కూడా అడగండి. సాయంత్రం ఐదుకు మూస్తారని నాలుగున్నరకు చేరుకుని గేటు బయట నుంచే తిరిగొచ్చే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

సఫారీ జీపు ఉంటే సీట్ల లెక్క వేరే. ఒక్కో మనిషికి టికెట్టా, బండి మొత్తం మాట్లాడుకోవాలా అనేది ముందే తేల్చుకోండి. ఇద్దరే వెళ్లేవాళ్లకు ఇక్కడే ఖర్చు తేడా వస్తుంది.

ఏ నెల, ఏ రోజు, ఏ గంట

ఇక్కడ కొంచెం ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే మన వాతావరణం హైదరాబాదు వాళ్లు రాసే ట్రావెల్ సలహాలకు సరిపోదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాష్ట్రమంతా వాన అంటుంటే మన దగ్గర ఉక్కపోత. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుపాన్లూ అప్పుడే. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. హైవేకే ఆ గతి పడితే అడవిలో మట్టిరోడ్డు సంగతి చెప్పేదేముంది? ఆ మూడు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే ట్రిప్పు వాయిదా వేసేయండి.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు పడి వెళ్లి ఉంటాయి కాబట్టి కొండలు పచ్చగా ఉంటాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, వలస పక్షులు దిగి ఉంటాయి. ఒక్క కనుమ పండుగ నాడు మాత్రం వద్దు. ఆ రోజు పార్కులో చెట్లకంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

మార్చి దాటితే ఆకులు రాలిపోతాయి. దూరం నుంచి జంతువులు కనిపించే అవకాశం పెరిగే మాట నిజమే, కానీ అడవికి నిప్పు అంటుకునే కాలమూ అదే, దారులు ఉన్నట్టుండి మూసేస్తుంటారు. మేలో ఎండ 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. రోహిణి కార్తెలో పిల్లలతో కొండ ఎక్కడం మాత్రం పెట్టుకోకండి. పులుల అభయారణ్యాల్లో సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శకులను ఆపేస్తారు, నల్లమల ప్లాన్ ఉంటే అది గుర్తుపెట్టుకోండి.

రోజులో అయితే గేటు తెరిచే టైముకు అక్కడ ఉండాలి. నెమళ్లు, దుప్పులు, పాలపిట్టలు తొమ్మిదిలోపే కనిపిస్తాయి. పది దాటాక అన్నీ నీడకు చేరతాయి. పన్నెండింటికి చేరి, "ఏముంది ఇక్కడ, ఏమీ లేదు" అని రివ్యూ రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

దారి, బండి, బస్సు

కొత్త పార్కులకు మ్యాప్‌లో పిన్ను తరచుగా తప్పు చోట ఉంటుంది. ఎవరో మొదటి రోజు రోడ్డు మీద నిలబడి పెట్టిన పిన్ను అది. మండల కేంద్రంలో టీ కొట్టు దగ్గర ఆగి, "అన్నా, కొత్తగా తెరిచిన పార్కుకు ఏ రోడ్డు?" అని అడిగేస్తే పని అయిపోతుంది. రోడ్డు ఎలా ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. పెట్రోలు అక్కడే కొట్టించండి. చిల్లర నోట్లు పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట యూపీఐ పనిచేయదు. మ్యాప్ ముందే ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోండి.

బస్సులో వెళ్లేవాళ్లు పోయే బస్సు కంటే తిరిగొచ్చే ఆఖరి బస్సు టైము ముందు కనుక్కోవాలి. డిపోలో అడిగినదాన్ని కండక్టరును కూడా అడిగి సరిచూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. స్టాపు నుంచి పార్కు దాకా ఆటో ఉంటే డ్రైవరు నంబరు తీసుకుని, తిరిగి ఎన్నింటికి రావాలో అప్పుడే మాట్లాడేసుకోండి. సాయంత్రం అక్కడ ఇంకో ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా బండ్లు వదలరు. దాన్నిబట్టి తిరుగు ప్రయాణం వేసుకోండి. వెలిగొండల వైపు అడవి రోడ్డు మీద చీకటి పడ్డాక కారు ఆపి ఫొటోలు దిగడం మంచిది కాదు. అది ఎర్రచందనం పెరిగే అడవి, అక్కడ రాత్రిపూట ఆగిన బండిని ఎవరైనా అనుమానంగానే చూస్తారు. అలాగే, దారిలో ఎర్రగా అందంగా కనిపించిన కట్టె ముక్కను గుర్తుగా ఉంచుకుందామని కారులో వేసుకోకండి. చిన్న ముక్క అయినా చెక్‌పోస్టులో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

సంచిలో ఏం ఉండాలి

నీళ్లు పెద్దవాళ్లకు సగం రోజుకు మనిషికి మూడు లీటర్లు, ఎండాకాలం నాలుగు. అవి మోయలేమంటే అంత దూరం నడవకండి. నీళ్లు తగ్గించుకునే ఆలోచన మాత్రం వద్దు. ఒక్కో లీటరుకు ఒకటి చొప్పున నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపాలి, గ్లాసులో కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ.

తిండికి పులిహోరను మించింది లేదు, మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం చలికాలంలో పర్వాలేదు, ఎండాకాలంలో పదకొండుకే పులుస్తుంది. స్టీలు క్యారియర్‌లో తీసుకెళ్లండి. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు నిషేధం. పార్కు గేటు దగ్గర ఇది గట్టిగానే చూస్తారు. అరటిపళ్లు మాత్రం కారులోనే తినేసి దిగండి. కోతులు పండును చూడక్కర్లేదు, ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు. చేతిలో ఏదైనా ఉండగా కోతి మీద పడితే లాక్కోవద్దు, వదిలేయండి. కోతి కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

బట్టలు మట్టి రంగువి, చేతులు కప్పేవి. చెప్పులతో వద్దు, తుమ్మముల్లు పలచటి అట్టను దాటి పాదంలోకి దిగుతుంది. గడ్డిలో నడిచే చోట ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుంటే పిడుదులు ఎక్కవు. సెంటు కొట్టుకోకండి. ఎందుకో కింద చెప్తాను.

గేటు దగ్గర పది నిమిషాలు

చాలామంది టికెట్ తీసుకుని నేరుగా లోపలికి నడుస్తారు. ఆ పది నిమిషాలు అక్కడే గడపండి. మ్యాప్ బోర్డు ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రేట్ల బోర్డు చదివి, రసీదు అడిగి తీసుకోండి. కెమెరాకు విడిగా టికెట్ ఉండొచ్చు. డ్రోన్ అయితే అడగకుండా ఎగరేయకండి, అభయారణ్యంలో అసలు బయటకు తీయకండి.

తర్వాత వాచర్‌తో మాట్లాడండి. ఈ పనికి ఎక్కువగా చుట్టుపక్కల ఊరి మనిషే ఉంటాడు, అడవి ఆయనకు ఇంటి పెరడు. "పెద్దాయనా, నిన్న ఏం కనిపించాయి?" అని మొదలుపెడితే చాలు. ఎలుగుబంటి ఏ వైపు తిరుగుతోందో, ఏ బండ కింద తేనెపట్టు ఉందో, ఏ వాగులో నీళ్లు పెరిగాయో ఆయనకు తెలిసినట్టు ఏ బోర్డుకూ తెలియదు. "అటు పోవద్దు సార్" అంటే కారణం చెప్పకపోయినా పోకండి.

లోపల నడిచేటప్పుడు

మాట తగ్గించండి. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి. నీటికుంట కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా, గాలి మీ నుంచి కుంట వైపు వీచని దిక్కున, చెట్టు మొదలు పక్కన ఇరవై నిమిషాలు కూర్చోండి. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి లకుముకి పిట్ట కొమ్మ మీదికి తిరిగొస్తుంది. ఆ తర్వాత కౌజుపిట్టలు గడ్డిలోంచి ఒక్కొక్కటే బయటపడతాయి. అదృష్టం ఉంటే దుప్పి మెల్లగా వచ్చి, నీళ్లలో మూతి పెట్టే ముందు తలెత్తి చెవులు తిప్పి చూస్తుంది. కుంట ఒడ్డు బురదలో అడుగుజాడలు చూడటం పిల్లలకు నేర్పండి. రెండుగా చీలిన గిట్ట అయితే దుప్పో, కణుజో, అడవిపందో. గుండ్రంగా మెత్తలు పడి, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి. కుక్క అడుగులో గోళ్లు పడతాయి.

దూలగొండి గురించి ముందే తెలిసి ఉండాలి. తీగకు గోధుమ రంగు వెంట్రుకలతో మెత్తగా, ముద్దుగా కాయలు వేలాడుతుంటాయి. చలికాలం చివర్లో ఎండిపోతాయి, గాలికి కూడా ఆ నూగు రాలుతుంది. పిల్లలు ముట్టుకుంటే ఇక ఆ రోజు అయిపోయినట్టే. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. ముందు అంటించే టేపు అద్ది పీకేయండి, తర్వాత నీళ్లతో కడగండి. ఆ బట్టలు మార్చేయాలి.

రాతి చరియల కింద, ఎత్తయిన చెట్ల మీద పెద్ద తేనెపట్లు ఉంటాయి. వాటిని రెచ్చగొట్టేవి పొగ, ఘాటైన వాసన, రాళ్లు విసరడం. సెంటు వద్దన్నది ఇందుకే. లేచాయంటే నిలబడి చేతులు ఊపకుండా, ముఖం గుడ్డతో కప్పుకుని పరిగెత్తి కారులోనో గదిలోనో దూరి తలుపులు వేసుకోవాలి. నీళ్లలో దూకితే పైనే తిరుగుతూ కాచుకుంటాయి. కొండ మీద అన్నిటికంటే నాకు భయం వీటి గురించే, చిరుత గురించి కాదు.

వాగు దాటేటప్పుడు మీ నెత్తిన ఎండ ఉందని ధీమా పడకండి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. నీళ్లు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కేయండి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే నీళ్లు తగ్గేదాకా కూర్చోవడం ఒక్కటే దారి.

నీళ్ల దగ్గర

సోమశిల సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు, కండలేరుది 68. అంత నీళ్లున్న చోట పక్కన మెట్లు కనిపించాయని దిగకూడదు. లోతు ఒక్కసారిగా పడిపోతుంది, అడుగున బురద కాలు పట్టేస్తుంది. గేట్ల కింది వైపు నది ఎండి ఇసుక కనిపిస్తున్నా అక్కడ సామాను పరుచుకోవద్దు, నీళ్లు వదిలే సైరన్ మీకు వినిపించకపోవచ్చు.

సముద్రంలో మునిగేవాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉంటారు. రెండు చోట్ల అలలు విరుగుతూ మధ్యలో ప్రశాంతంగా, కాస్త బురదగా కనిపించే జాగా ఉంటే, లోపలికి లాగే ప్రవాహం అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఈది అలిసిపోకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదండి. బయటపడ్డాక ఒడ్డుకు రండి. మైపాడు అయినా పాకల అయినా మోకాళ్ల లోతు దాటకపోవడమే నా మాట.

పాము, ఎండదెబ్బ

మన దగ్గర ప్రమాదకరమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కాటేస్తే మనిషిని కదలనివ్వకూడదు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కాటు పడిన చేయి లేదా కాలును కర్ర కట్టి కదలకుండా ఉంచండి. బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నాటుమందు జోలికి పోవద్దు. పామును పట్టే ప్రయత్నంలో ఇంకొకరు కాటు తినొద్దు. 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమనండి. సిగ్నల్ లేకపోతే ఒకరు గేటుకు పరిగెత్తాలి, మిగతావాళ్లు మనిషిని మోసుకెళ్లాలి, నడిపించకూడదు.

ఎండదెబ్బకు గుర్తు తలనొప్పి ఒక్కటే కాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియనట్టు ప్రవర్తించినా అది ఎమర్జెన్సీ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

కార్తీక వనభోజనాలకు వెళ్లేవాళ్లు

కొత్త పార్కు అనగానే అపార్ట్‌మెంట్ వాళ్లకు, ఆఫీసు వాళ్లకు మొదట వచ్చే ఆలోచన ఇదే. అభయారణ్యంలో పొయ్యి వెలిగించకూడదు, చట్టంలో సెక్షన్ 30 దీని గురించే. నగరవనంలో కూడా వంటకు అనుమతి ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. అరవై మంది, రెండు గ్యాస్ సిలిండర్లు, మైకు, తంబోలా అనుకుంటే ఎవరిదైనా మామిడితోట మాట్లాడుకోవడం అందరికీ సుఖం. ఉసిరిచెట్టు అక్కడా ఉంటుంది. పైగా కార్తీకం వచ్చేది సరిగ్గా మన తుపాన్ల కాలంలో.

మూసి ఉంటే ఏం చేయాలి

కొత్త పార్కులకు ఇది మామూలే. మరమ్మతులనో, వీఐపీ వస్తున్నారనో గేటు మూస్తారు. ఇంట్లోనే రెండో ప్లాన్ వేసుకుని రండి. నెల్లూరు వైపు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్తున్నారనుకోండి, ఉదయగిరి దుర్గం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో ఒడిశా గజపతి రాజుల చేతుల్లోంచి తీసుకున్న కోట అది. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపిలో కృష్ణాలయం కట్టించాడు. కొండ మీదికి పూర్తిగా ఎక్కాలంటే తెల్లవారుజామున మొదలుపెట్టాలి, ఊరి మనిషిని తోడు తీసుకోవాలి. ఆలస్యంగా చేరినవాళ్లు కింది కట్టడాలు చూసి, ఊళ్లో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని రావచ్చు. దగ్గరుండి చూస్తే కొనకుండా లేవలేరు.

తిరిగొచ్చాక

కుళాయి రాలేదనో, చీలిక దగ్గర బోర్డు లేదనో స్టేటస్ పెట్టి వదిలేయకండి. కొత్త పార్కుకు మొదటి ఏడాది చెప్పిన మాటే పనిచేస్తుంది, నిధులూ కాంట్రాక్టరూ అప్పుడే చేతిలో ఉంటారు. ఫొటో, తేదీ, చోటు రాసి రేంజ్ ఆఫీసుకు ఒక కాగితం ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. "సౌకర్యాలు లేవు" అని రాయకండి. "గేటు నుంచి రెండో మలుపు దగ్గర ఆడవాళ్ల టాయిలెట్‌కు నీళ్ల పైపు కలపలేదు" అని రాయండి.